డాక్టరు కారుకు వాడు వేసిన బుష్‌లు

జగిత్యాల డాక్టరు తన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారును మళ్ళీ రోడ్డెక్కించాలనుకున్నప్పుడు, సస్పెన్షన్ కీళ్ళలో అదురు ఆపే బుష్‌లు ఏవి వేయాలని ముందు నన్నే అడిగాడు. రబ్బరువే వేయమన్నాను. ఎవరూ నేర్పకపోయినా నాకా సంగతి తెలుసు. కార్ల షెడ్డు పెట్టక ముందు, సిరిసిల్లలో మా సాంచాలు, అంటే మరమగ్గాలు, ఇల్లంతా అదరగొడుతుంటే వాటి కాళ్ళ కింద టైరు ముక్కలు పెట్టి ఆపినవాణ్ని నేను.

డాక్టరు అంతా విని, కారును తీసుకుపోయి, నా దగ్గరే పని నేర్చి కోరుట్లలో సొంత షెడ్డు పెట్టుకున్నవాడికి అప్పగించాడు. వాడు ప్లాస్టిక్‌లా గట్టిగా ఉండి, గ్రీజు తగ్గితే కిర్రుమనే పాలీయురేథేన్ బుష్‌లు వేశాడట. ఆ కబురు విన్న రోజు నాకు అన్నం సహించలేదు.

కారు తయారయ్యాక చూద్దామని వాడి షెడ్డుకు వెళ్తే, డాక్టరు నన్ను పక్కసీట్లో కూర్చోబెట్టుకుని కొంతదూరం తిప్పాడు. ప్రతి గుంతా నా నడుముకు తెలిసింది.

"నేను జెప్పలేదా సార్? రబ్బరైతే గిట్ల గుద్దుతదా?"

"రోడ్డంత చేతులకు తెలుస్తున్నది తాతా! నాక్కావల్సింది గిదే," అన్నాడాయన మురిసిపోతూ.

షెడ్డు ముందు వాడు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఎట్లున్నది ఉస్తాద్?"

"కిర్రుమంటున్నది. గ్రీజు సక్కగ పెట్టలే నువ్వు."

నిజానికి ఒక్క చప్పుడూ రాలేదు. వస్తుందేమోనని దారి పొడుగునా చెవులు రిక్కించుకునే కూర్చున్నాను. డాక్టరు ఏదో అనబోయాడు. ఆలోపే వాడు జాకీ తెచ్చుకుని కారు కిందికి దూరాడు.

ఆ పూట అన్నం కడుపునిండా తిన్నాను.