చిదిమి చూసిన బుడిపె

అలసంద విత్తనాలకు బెల్లం నీళ్లు పట్టిస్తున్నప్పుడు లేచే వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు సుమతి మేడమ్ గుర్తుకొస్తుంది. ఆమె మీద నేను పెంచుకున్న అనుమానం కూడా వెంటే వస్తుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆమె సముద్రం ఒడ్డునున్న కార్వార్ వైపు నుంచి మా ఊరు కెంచార్లహళ్ళికి సైన్సు చెప్పడానికి వచ్చి, మా ముందుగదిలో బాడుగకు దిగింది. ఒంటరి ఆడమనిషి. కిటికీ నిండా సీసాలు, వాటిలో పాచినీళ్లు. అనుమానపడక ఏం చేస్తాం?

ముందటేడు మా టమాటా తోట వేళ్లకు బుడిపెలు లేచి నిలువునా ఎండిపోయింది. ఇంట్లో మిగిలినవి అలసంద విత్తనాలే. విత్తే ముందురోజు మేడమ్ ఒక నల్లపొడి పొట్లం తెచ్చి, బెల్లం నీళ్లలో కలిపి వాటికి పూయమంది. మా అత్త నన్ను వంటింట్లోకి లాగింది. “నల్లపొడి, బెల్లం! మందు పెట్టేవాళ్ల మాదిరే ఉండాది. యాడిదో, ఏమో ఆయమ్మ!”

ఆ పొడి ఏమిటని నేను అడిగేశాను. మేడమ్ తాను నేర్చుకున్న తెలుగులో చెప్పింది. “గాలిలో నైట్రోజన్ ఉందమ్మా, చెట్టు దాన్ని నేరుగా తినలేదు. ఈ పొడిలో కంటికి కనపడని జీవాలు దాన్ని పట్టి చెట్టుకు పెడతాయి. మా సముద్రంలోనూ ఇదే పని చేసే నలుసులున్నాయి. వాటి చలవతో నీళ్లమీద పాచి పెరుగుతుంది, పాచిని చిన్న పురుగులు తింటాయి, వాటిని చేపలు తింటాయి. మా నాయన వలలో పడే చేప అక్కడే మొదలు.”

“సముద్రం మేమెవురం చూసినాం మేడమ్? మీరేం చెప్పినా చెల్లుతాది,” అన్నాను. ఆమె నవ్వింది. మా ఆయన మాత్రం పొడి పూసి విత్తేశారు.

పూత రాకముందే అత్త ఒక మొక్క పీకి కేక పెట్టింది. వేళ్ల నిండా బుడిపెలు! “చెప్తే వింటిరా? టమాటా రోగమే ఇది. అంతా పీకి కాల్చండి!” నేను కొంగు బిగించి వంగాను. బడి నుంచి వస్తున్న మేడమ్ చేలోకి దిగి నా చెయ్యి పట్టుకుంది. “అనుమానపడండమ్మా, తప్పులేదు. పీకేముందు ఒకదాన్ని చిదిమి చూడండి.”

నా బొటనవేలి గోరు తగలగానే బుడిపె వేరు నుంచి ఊడివచ్చింది. టమాటాకు అట్లా ఊడేది కాదు, వేరు మొత్తం ఉబ్బిపోయేది. చిదిమితే లోపల ఎర్రగా ఉంది.

“ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టే,” అంది మేడమ్.

“నెత్తురు తాగేది ఎర్రగుండక తెల్లగుంటాదా?” అంది అత్త. “చేను వాడిపోనీ, నీ సీసాలన్నీ వీధిలో పడతాయి.”

సీసాలు వీధిలో పడలేదు. పీకకుండా వదిలిన చేలో కాయ విరగకాసింది. మొదటి గంప అత్తే మేడమ్ గదిలో దించి వచ్చింది.

సముద్రం నేనింకా చూడలేదు. ఆ నలుసుల మాట ఇప్పటికీ సగమే నమ్ముతాను. కానీ కొత్తగా వచ్చిన మనిషి మీద ఎవరైనా నా చెవిలో ఏదైనా ఊదితే, నా బొటనవేలి గోరు దానంతట అదే కదులుతుంది.