ఆగ్నేయంలో గుంత

ఓవెన్ మాట ఎత్తితే ఇప్పటికీ నాకు నోరు చేదవుతుంది. బన్నులంటే గిట్టక కాదు, మా నాయన వాస్తు గుర్తొచ్చి.

తొంభైల చివర్లో అమ్మ నంద్యాలలో ఉండే తన అక్క దగ్గర బన్నులు, బిస్కెట్లు చేయడం నేర్చుకుంది. నాయనతో పోరి పోరి ఒక కరెంటు ఓవెన్ కొనిపించుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని మా ఊరు ఆళ్లగడ్డకు తెచ్చుకుంది. తన కోసమని ఆమె అడిగిన వస్తువు, నాకు తెలిసి, అదొక్కటే.

వైర్‌మన్ వచ్చి చూశాడు. "మామూలు ప్లగ్గు దీనికి ఆనదన్నా. మీటరు కాన్నుంచి లావు వైరు వేరేగా లాగల్ల, పవర్ ప్లగ్గు పెట్టల్ల. ముందు ఎర్తు గుంత తవ్వల్ల. ఈ ఇంటికి ఎర్తే లేదు" అన్నాడు. మీటరూ వంటిల్లూ ఉన్నది ఆగ్నేయం మూల. మిగతా వైపులన్నీ పక్కిళ్ల గోడలే. అక్కడే గోడ బయట తవ్వి, ఉప్పూ బొగ్గులూ పోసి, రేకు పూడ్చి వైరు కట్టాలన్నాడు.

నాయన వైరుకు సరేనన్నాడు, ప్లగ్గుకూ సరేనన్నాడు. గుంతకు మాత్రం ససేమిరా అన్నాడు.

"ఆగ్నేయంలో గుంత తవ్వితే ఇంట్లో ఆడమనిషికి అరిష్టం. ఆ మాత్రం తెలీదా నీకు?"

"ఎర్తు లేకుంటే డబ్బా ముట్టుకున్నోళ్లకు షాక్ కొడతాదన్నా" అని వైర్‌మన్ చెప్పి చూశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

గుంత లేకుండానే ఓవెన్ పెట్టించాడు. అమ్మకు షాక్ కొట్టనే కొట్టింది. అమ్మ రబ్బరు చెప్పులు వేసుకుంటే "వంటింట్లో చెప్పులేందీ, మతుండాదా నీకు?" అని తీయించాడు. ఇక ఆమె చెక్కపీట మీద నిలబడి, చేతికి పొడిగుడ్డ చుట్టుకుని బన్నులు కాల్చేది. గుడ్డ జారి జిల్లుమన్నప్పుడల్లా చెయ్యి విదిలించుకుని మళ్లీ తలుపు తెరిచేది. ఆ బన్నులే తింటూ ఆయన "మెత్తగుండాయి" అనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఈమె ప్రాణం పోతే ఏ మూల చూసుకుని ఏడుస్తాడు ఈ మనిషి?

ఒకరోజు వెలుగోడు నుంచి నాయనకు చిన్నాయన వచ్చాడు. అమ్మ వాకిట్లో ఉంది. లోపల బన్నులు కాలుతున్నాయి. ఆ ముసలాయనకు ఓవెన్ చూపించాలని నాయనకు ఉబలాటం పుట్టింది. కాళ్లు కడుక్కుని, ఆ తడి కాళ్లతోనే వెళ్లి ఓవెన్ తలుపు పట్టుకున్నాడు. ఒక్క కేక పెట్టి గచ్చు మీద వెల్లకిలా పడ్డాడు. ప్రాణానికేం కాలేదు.

మర్నాడు పొద్దున్నే వైర్‌మన్ వచ్చాడు. అదే ఆగ్నేయం మూలలో గడ్డపార దిగింది. నాయన దగ్గరుండి ఉప్పూ నీళ్లూ పోయించాడు. "గోడ బయట గదా, దోషం లేదంట" అన్నాడు, ఎవరూ అడగకుండానే. ఛీ, ఇదా వాస్తు? తనదాకా వస్తే గానీ తెలియలేదు.

అమ్మ టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. వంగి గుంతలోకి చూసింది.

"ఇప్పుడు నాకు అరిష్టం గాదా?" అంది.

నాయన గుంత వైపు తిరిగాడు. "ఇంకో బిందె నీళ్లు పోయప్పా" అన్నాడు వైర్‌మన్‌తో.