సంచి లేని మనిషి

ఖానాపూర్ దగ్గరి ఆ ఊళ్లో మధ్యాహ్నం రెండు దాటితే, ఒక రేకుల పందిరి కింద ఆరేడుగురు స్త్రీలు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడతారు. వారిలో నర్మద ఒక్కతే గంటసేపు ఆకు ముట్టదు. నవల చదివి వినిపిస్తుంది. ఆ గంటలో ఆమె చుట్టవలసిన బీడీలను మిగిలినవారు తలా కొన్ని చుట్టి ఆమె చాటలో వేస్తారు.

అన్నీ ఒకే నాయకుడి నవలలు. అతడు తెలియని ఊళ్లో బస్సు దిగుతాడు. చేతిలో సంచి ఉండదు. అక్కడ ఎవరో ఎవరినో పీడిస్తుంటారు. అతడు ఆ దుర్మార్గులను చితకగొట్టి, ఊరు తేరుకొనేలోగా మరో బస్సెక్కి వెళ్లిపోతాడు. శ్రోతలు అతనికి ‘సంచి లేనాయన’ అని పేరు పెట్టుకున్నారు.

“తానం జేస్తే ఏం గట్టుకుంటడే నర్మదక్కా?” అని ఒకనాడు కోమల అడిగింది.

“కొత్తయి కొనుక్కుంటడట. పాతయి ఆడ్నే ఇడిషిపెడ్తడట.”

“గట్లాంటోనికి పిల్లనెవ్వడిస్తడు?”

“ఇచ్చినా ఉంటడా?” అన్నది జమున. అందరూ పగలబడి నవ్వారు.

నిర్మల్ దాకా పోయిరావాలన్నా నలుగురికి చెప్పి, అన్నం వండిపెట్టి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి కదలవలసిన స్త్రీలు వారు. ఎవరికీ చెప్పకుండా కదిలే మనిషి కథ వారికి పండుగ భోజనం వంటిది.

ఆ నవలలు నర్మద భర్త ముత్యానివి. నిర్మల్ బస్టాండులో పాత పుస్తకాలుగా కొన్నవి. మొత్తం నలభై మూడు. తొమ్మిదేళ్ల క్రితం అతడు గల్ఫుకు వెళ్లాడు. రెండేళ్లు వారం వారం ఫోను చేశాడు. తరువాత ఫోను ఆగిపోయింది. అతనితో ఒకే గదిలో ఉన్న కొండల్ తిరిగివచ్చి చెప్పిన మాటలు ఇవి:

“శుక్రారం పొద్దుగాల షాయ్ తాగిండు వదినా. జర బయటికి పోయొస్త అన్నడు. సంచి మంచం కిందనే ఉండె. ఫోను దిండు మీద్నే ఉండె. ఇగ రాలే.”

శవం దొరకలేదు. సమాచారమూ లేదు.

అప్పటినుంచి నర్మద చదివే కథలో కొత్త సంగతులు చేరాయి. సంచి లేనాయన ఎడమ కనుబొమ్మ మీద గాటు వచ్చింది. అతడు టీని మూడుసార్లు ఊదుకొని తాగసాగాడు. ఒకనాడు కోమల పుస్తకం లాక్కొని ఆ పుట చూసింది. గాటూ లేదు, టీ కూడా లేదు. పుస్తకం మూయకుండా తిరిగి నర్మద ఒళ్లో పెట్టింది.

ముత్యం తల్లి యాదవ్వ ఆ పందిరి కిందికి రావడం మానుకున్నది.

“పట్టపగలే గడప కాడ నిలవడ్తుండు బిడ్డా,” అన్నది ఒకనాడు కోడలితో. “బువ్వ తింటవా కొడుకా అంటే పలుకడు. లోపలికి రాడు. కర్మ జెయ్యకపోతే వాడు గట్లనే తిరుగుతడు.”

“ఆయన సావలే అత్తా.”

యాదవ్వ వాదించలేదు. అన్నం మానేసింది. నాలుగో రోజున నర్మద ఒప్పుకోక తప్పలేదు.

శవానికి బదులు మోదుగు పుల్లలతో మనిషి బొమ్మ కట్టారు. ముత్యం తమ్ముడు సంపత్ నిప్పు పెట్టాడు. మూడో రోజున పిట్టముట్టుడుకు గోదావరి ఒడ్డుకు వెళ్లారు. విస్తరిలో అన్నం పెట్టి అందరూ దూరంగా జరగాలి. కాకి ముడితే, పోయినవాడు తృప్తిగా పోయినట్లు. ముట్టకపోతే, అతనికేదో కోరిక మిగిలినట్లు.

తుమ్మచెట్టు నిండా కాకులున్నాయి. ఒక్కటీ అరవడం లేదు. అన్నీ విస్తరివైపే చూస్తున్నాయి. గాలి లేకపోయినా చెట్టు కింది నీడ సన్నగా కదులుతున్నది.

“అన్నా, కోడికూర పెట్టిన, శెనిగ గుడాలు పెట్టిన, నీ బీరు గూడ పెట్టిన. ఇంకేం గావాలె నీకు?” అన్నాడు కొండల్.

“అన్నా, అవ్వ ఫికర్ వెట్టుకోకు. నేనున్న,” అన్నాడు సంపత్.

అందరూ కాకిని రమ్మని పిలుస్తున్నారు. నర్మద ఒక్కతే లోలోపల రావద్దని వేడుకుంటున్నది. కాకి ముట్టిందంటే అతడు లేనట్లే.

గంట గడిచింది. యాదవ్వ ముఖం ఒక్కసారిగా విప్పారింది.

“ముడ్తలేవు. అంటే నా కొడుకు బతికే ఉన్నడు!”

ఆ వెలుగు ఆమె ముఖాన క్షణమే నిలిచింది. ఇసుకలో కూలబడి, చిన్న గొంతుతో అన్నది: “బతికుండి వస్తలేడు.”

నర్మద కోరుకున్నది ఇదే. ఆ నలభై మూడు పుస్తకాలనూ ఆమె నాలుగేసి సార్లు చదివింది. ప్రతి పుస్తకం చివరా, బస్సు వెళ్లిపోతుంటే గుమ్మంలో నిలబడి చూసే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. ఆ వాక్యం దగ్గర ఆమె ఏనాడూ ఆగలేదు.

లేచి విస్తరి దగ్గరికి నడిచింది.

“రా,” అన్నది మెల్లగా. ఆ తరువాత చెట్టు అదిరేలా అరిచింది: “వచ్చి ముట్టు! ముట్టి పో!”

ఒక కాకి కిందికి దిగింది. విస్తరి చుట్టూ ఒకసారి నడిచింది. ముట్టలేదు. ఎగరనూ లేదు. తడి ఇసుక మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఒడ్డు వెంబడే పైకి సాగిపోయింది. అలాగే నడుస్తూ కనుమరుగైంది.

“దర్భతోటి కాకిని జేసి ముట్టిద్దాం వదినా. పంతులు చెప్పిండు, గట్ల గూడ చెల్లుతదట,” అన్నాడు కొండల్.

“వద్దు.”

నర్మద విస్తరిని రెండు చేతులా ఎత్తి నీళ్లలో వదిలింది. చేతులు కడుక్కొని, అత్త ముందు వంగి చేయి చాచింది.

“సచ్చిండో బతికిండో ఆయనకే ఎరుక అత్తా. నాకైతే ఆయన దినమైపోయింది. లే, ఇంటికి పోయి బువ్వ తిందాం.”

యాదవ్వ కాకి పోయిన దిక్కు చాలాసేపు చూసి, ఆ చేయి పట్టుకొని లేచింది.