అద్దం తీసేసిన ఏడు సాయంత్రాలు

నవంబరు, రెండో మంగళవారం. కుళాయి నీళ్లు నాలుగు బిందెలు పట్టాను. మినప్పప్పు నానబోశాను. ఖనిజం బండి వెళ్లిపోయాక ఆయన యూనిఫారాలు రెండు ఉతికి ఆరేశాను. కిటికీ ఊచలు తడిగుడ్డతో తుడిచాను. ఐదో పని మొదలుపెట్టబోతుంటే పక్క క్వార్టరు కోడలు గోడ దగ్గరకు వచ్చి, "అక్కా, మా అత్తయ్య పోయారు" అంది. ఆ రోజు మిగిలిన పనులు చేయలేదు.

ఆవిడ నాకు చుట్టం కారు. ఇనుప గనుల పక్కనున్న మా రైల్వే కాలనీ అంతా పెద్దమ్మ అనేది, నేనూ అలాగే పిలిచాను. ఇంజను డ్రైవరు భార్య. లైను వేసే రోజుల్లో వచ్చిన ఒక జపాను ఇంజనీరు తిరిగి వెళ్తూ తన కెమెరాను పెదనాన్నకు అమ్మాడట. ఆయన పోయాక అది పెద్దమ్మ చేతికి వచ్చింది. పేరంటాలు, బాప్తిస్మాలు, బడి పిల్లల ఫోటోలు అన్నీ ఆవిడే తీసేవారు.

అంత్యక్రియల దగ్గర ఎవరో అన్నారు, "చివర్లో ముసలావిడ ఫోటోలన్నీ మసకే కదా, చూపు పోయినట్టుంది" అని. ఇద్దరు నవ్వారు కూడా. పెద్దమ్మ చూపు పోలేదు. చనిపోవడానికి నెల ముందు కూడా నా బియ్యంలో రాళ్లు ఆవిడే ఏరారు. ఆ మసక ఎలా వచ్చిందో చూసినదాన్ని నేను. అది చెప్పకుండా ఊరుకోను.

ఇక్కడ కెమెరా ముందు అద్దం లేకుండా బతకదు. గాలిలో ఉండేది మామూలు దుమ్ము కాదు, ఇనుప ఖనిజం పొడి. అందుకే లెన్సుకు పైన ఇంకో పలుచని అద్దం బిగిస్తారు, దాన్నే ఫిల్టరు అంటారు. అందులో రెండు రకాలు. ఒకటి వట్టి గాజు, వాలుగా పట్టుకుంటే కిటికీ అద్దంలా తెల్లగా మెరుస్తుంది. రెండోదానికి పూత ఉంటుంది, ఊదారంగు, ఆకుపచ్చ కలిసి మెరుస్తుంది. విశాఖపట్నం దుకాణంలో ఒకతను "పూత ఉన్నదే తీసుకోండమ్మా, అందరూ అదే కొంటున్నారు" అని బలవంతం చేశాడు. పక్కన నేనున్నాను. పెద్దమ్మ వట్టి గాజు అద్దాన్ని తీసుకుని, "మీ ఊరి దుమ్ము మెత్తన బాబూ. మాది ఇనుము. పూత నాల్రోజులుండదు" అన్నారు. అతను నవ్వి పూతదాన్ని కూడా అంటగట్టాడు. ఆవిడ ఇంటికి వచ్చి దాన్ని బీరువాలో పడేశారు.

నాకు ఏదైనా రాసి పెట్టుకోవడం అలవాటని ఆవిడకు తెలుసు. ఒక రీలు లెక్క నాకు అప్పగించి, "ఏటే గుంటా, పాల లెక్కేనా రాస్తావు? ఇది రాయి" అన్నారు. ఒకే చోట నిలబడి ఒక ఫోటో పూత అద్దంతో, ఒకటి వట్టి గాజుతో తీశారు. ఏ నెంబరుకు ఏ అద్దం, ఎండ ఎటు ఉంది, అన్నీ రాశాను. ఫోటోలు వచ్చాక చూస్తే, ఎండ వీపు మీద ఉన్నప్పుడు రెండింటికీ తేడా లేదు. ఎండకు ఎదురుగా తీసినప్పుడు మాత్రం వట్టి గాజుతో తీసిన ఫోటో దెబ్బతింది. బొమ్మ మీద పాల మరకలాంటి వెలుగు పడింది. పెద్దమ్మ చాలాసేపు చూసి, "ఎండకెదురు నిల్చుంతావా, దుమ్ముకెదురు నిల్చుంతావా, ముందది తేల్సుకోవాల. మనకి దుమ్మే" అన్నారు. చాలా ఏళ్లు ఆ మాట మీదే ఉన్నారు.

వాగు అవతల పొలమున్న ఒకామె మా కాలనీకి చింతపండు, బొబ్బర్లు తెచ్చేది. తెలుగు సరిహద్దు దగ్గరి తర్రెం వైపు నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి మాతో తెలుగే మాట్లాడేది. ఒక వేసవిలో ఖాళీ బుట్టతో వచ్చి పెద్దమ్మ గుమ్మంలో కూర్చుంది.

"ఏంటమ్మా, ఇవాళ ఏం తేలేదా?" అన్నాను.

"ఏం దెచ్చేది? పైన గనిల నుంచి ఎర్ర నీళ్లు ఇడుస్తున్నరు. రెండు మళ్లు గచ్చు లెక్క గట్టిపడ్డయి. గని ఆఫీసుకు పోతే, అది వానకు కరిగిన మట్టి, ఒక్క రోజు ముచ్చట అన్నరు. వానేది పెద్దమ్మా, ఎండాకాలం గద? సబూత్, రుజువు తెమ్మన్నరు. పది దినాలల్ల తేకుంటే నా అర్జీ కాయితం మూసేస్తరంట."

ఆ సాయంత్రమే పెద్దమ్మ కెమెరా తీసుకుని బయలుదేరారు. ఎర్ర నీళ్లు సాయంత్రాలే వదిలేవారు. అవి వాగులో పడే చోటు కనిపించేది ఒక్క కల్వర్టు మీద నుంచే, అదీ పడమటి ఎండకు ఎదురుగా. వట్టి గాజుతో తీసిన మొదటి ఫోటోను మర్నాడే కడిగించి ఇస్తే ఆ ఇల్లాలు ఆఫీసుకు పట్టుకెళ్లింది. గుమాస్తా అటూ ఇటూ తిప్పి, "ఇందులో లాల్ ఎక్కడుందమ్మా? తెల్లగా మెరుస్తోంది కదా" అని తిరిగి ఇచ్చేశాడట.

పెద్దమ్మ తన పాత మాటనే పట్టుకుని కూర్చోలేదు. "బీరువాలో పూతద్దం తియ్యే. ఇప్పుడెదురున్నది ఎండ" అన్నారు.

తప్పు అక్కడ నేను చేశాను. కల్వర్టు మీద ఒక లారీ దాటింది. పూత అద్దం మీద ఎర్రగా పొడి పడింది. ఇంట్లో గ్లాసు నుంచి దేవుడి పటం దాకా దేన్నయినా చీర చెంగుతో తుడిచే చేయి నాది. ముందు ఊదాలని తట్టలేదు. రెండు సార్లు రుద్దాను. ఎండకు పట్టి చూస్తే పూత మీద సాలెగూడులా గీతలు. వట్టి గాజు కన్నా అధ్వానం.

నేను ఏడ్వబోయాను. "ఆపు. వెలుగు పోతంది" అన్నారు పెద్దమ్మ.

"విశాఖ వెళ్లి ఇంకోటి తెస్తాను పెద్దమ్మా."

"వెళ్లి రావడానికి మూడ్రోజులు. ఆ మూడు సాయంత్రాలూ దాని పొలానికి నువ్విస్తావా?"

గీతలు పడ్డ అద్దాన్ని తిప్పి తీసి నా చేతిలో పెట్టారు. వట్టి గాజు అద్దాన్ని కూడా అడగలేదు; అడ్డంగా అద్దమే లేకపోతే ఆ తెల్లని మెరుపూ ఉండదు. పెదనాన్న చేతుల నుంచి వచ్చిన ఆ లెన్సును, అన్నేళ్లలో ఒక్కసారీ గాలికి చూపించని దాన్ని, అలాగే ఎండకు ఎదురుగా ఎత్తారు.

"పెద్దమ్మా, లెన్సు పాడైపోతుంది" అన్నాను.

"పాడవనీ. ఒక్క రోజు ముచ్చటన్నారు కదా? ఏడ్రోజులు చూపిస్తాను" అన్నారు.

ఏడు సాయంత్రాలు వెళ్లాం. లారీ వచ్చినప్పుడల్లా ఆవిడ తన ముఖాన్ని వదిలేసి అరచేతిని లెన్సుకు అడ్డం పెట్టేవారు. నేను పక్కన నిలబడి చీర చెంగును గాలికి తెరలా పట్టాను. మూడో రోజు ఒక మోటారుసైకిలు మనిషి ఆగి, ఎవరు పంపారని హిందీలో అడిగాడు. పెద్దమ్మ కంటి దగ్గర నుంచి కెమెరా దించలేదు. "నువ్వు ఎండకి అడ్డం నిల్చున్నావు, జరుగు" అన్నారు తెలుగులో. అతనికి భాష అర్థం కాలేదు, కానీ జరిగాడు.

ఎనిమిదో రోజు బస్సులో జగదల్పూర్ వెళ్లి ఫోటోలు కడిగించాం. ఏడింటిలోనూ నీళ్లు ఎర్రగా, అంచు తెగినట్టు స్పష్టంగా ఉన్నాయి. వెనకాల రోజు, వేళ నేను రాశాను. గడువు దాటకముందే ఆ ఇల్లాలు వాటిని గుమాస్తా బల్ల మీద వరసగా పేర్చిందట.

లెన్సు మాత్రం పోయింది. ఎంత మెత్తని కుంచెతో దులిపినా ఆ పొడి సన్నని గీతలు పెట్టేసింది. ఆ తర్వాత ఆవిడ తీసిన ప్రతి ముఖం మీద మంచు పొర కప్పినట్టు ఉండేది. కాలనీ వాళ్లు మెల్లగా బజారు స్టూడియోకు మళ్లారు. కారణం చెప్పమని నేనెంత పోరినా, "అడిగినోళ్లకి చెప్తాను" అనేవారు. ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగకపోయినా నేను చెప్తున్నాను. అది చూపు పోయిన మసక కాదు. రెండు మళ్లు తిరిగి తెచ్చిన మసక.

ఆ అద్దం పాడుచేసిన రోజే నా నోటుబుక్కులో రాసుకున్నాను, "పెద్దమ్మకు పూత ఫిల్టరు ఒకటి, బాకీ" అని. వానలకు ముందు ఒక ఉదయం ఆ ఇల్లాలు పరుగులాంటి నడకతో వచ్చింది. నీళ్లు ఇంకో దిక్కుకు మళ్లించారని, మళ్లలో మట్టి తీయడానికి మనుషులొచ్చారని చెప్పింది. పెద్దమ్మ ఆమెకు టీ పోసి, నా వైపు తిరిగి నోటుబుక్కు తెమ్మన్నారు. ఆ పేజీ తనే వెతికారు. వేళ్ల గీతల్లో ఇంకా ఎర్రటి పొడి. నా చేతిలో కలం తీసుకుని, ఆ వరస మీద అడ్డంగా, పెద్ద అక్షరాలతో రాశారు: చెల్లు.