జబ్బుందని ఎగిరిన రోజు

ఆ రోజుల్ల మా నాచారం ఇంట్ల జ్వరమొస్తేనే జబ్బు, రక్తం కారితేనే దెబ్బ. మిగిలినయన్ని పనిదొంగ ఏషాలు. పొద్దున లేస్తే నా చేతివేళ్లు కట్టెల్లెక్క బిగుసుకునేటియి. ముగ్గుపిండి పట్టుకుంటే గీత రాదు, కుప్ప పడుతది. (అది ముగ్గని నేను, మన్నని నాయినమ్మ.) ఎండెక్కినంక కొంచెం కొంచెం వదులయ్యేటియి. ఇగ నా కర్మ, బతుకమ్మ ఆటల చప్పట్లు కొడుతుంటే నాయినమ్మ కండ్లల్ల పడ్డ. "పొద్దుగాల ముగ్గెయ్యరాదు, పొద్దూకితే చప్పట్లు మస్తుగొస్తయి! నీ నొప్పికి డ్యూటీ టైముంటదా ఏందే?" అని అందరి ముందట కడిగేసింది. నిజంగనే దానికి టైముంటదని నాకప్పుడు తెల్వదు. కీళ్లవాతమేమోనని బాపు ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష చేయించిండు. నెగెటివ్! "సూసిన్రా, దాని రక్తం గూడ నా దిక్కే సెప్పింది" అని నాయినమ్మ గల్లీ అంత తిరిగొచ్చింది. నాకు ఏడుపొచ్చింది, నొప్పికి కాదు, ఎవ్వరు నమ్ముతలేరని.

మొండికేసి బాపును ఉప్పల్‌ల కీళ్ల డాక్టరమ్మ కాడికి గుంజుకపోయిన. ఆమె నా కణుపులు ఒత్తి సూసి, "పొద్దున ఎంతసేపు బిగుసుకుంటయమ్మా?" అనడిగింది. ఆ ఒక్క మాటకే కాళ్లు మొక్కుదామనిపించింది. "ఆ పరీక్ష నెగెటివ్ వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చు" అని యాంటీ సీసీపీ అని ఇంకోటి రాసింది. అది పాజిటివ్ వచ్చింది, అదీ బాగా ఎక్కువ! "ఉన్నది బాపూ, నాకున్నది!" అని దవాఖాన వరండాల ఎగిరిన. పక్కన కూసున్నోళ్లు నా కడుపు పండిందనుకున్నరు. (పెండ్లే కాలే!) డాక్టరమ్మ గుర్రుగ సూసింది. "సంబరమెందుకు? ఇది ఎక్కువున్నోళ్లకు కీళ్లల్ల ఎముక జల్ది తినుకపోయే భయముంటది. నీ ఎక్స్‌రేల ఇంకా చెడలే. ఇప్పుడే మందులు మొదలుపెడదాం, మధ్యల ఆపొద్దు." అప్పుడు ఆగింది నా నవ్వు.

ఇంటికొచ్చి చెప్తే నాయినమ్మ నన్ను పక్కన కూసోబెట్టుకున్నది. నా చేతులు ఒళ్లె పెట్టుకొని వేళ్లన్ని నిమిరింది. తెల్లారి లేచి సూస్తే నడుమొంగి ఆమే ముగ్గేస్తున్నది, పక్కింటామెకు గొప్పగ చెప్తున్నది: "మా పిల్లది ఉత్తుత్తి నొప్పి కాదు, రక్తంలనే ఉన్నదంట!"

ఇప్పుడు నాయినమ్మ లేదు. మొన్నటి ఎక్స్‌రేల గూడ నా ఎముకలు చెక్కుచెదరలే. పొద్దుపొద్దున్నే ముగ్గు నేనే ఏస్తున్న. జబ్బుందని ఎగిరిన ఆ పిచ్చిపిల్ల యాదికొస్తే ముద్దొస్తది, నవ్వొస్తది. ఏసినంక అలవాటుగ గడప దిక్కు మళ్లి సూస్త. వంక పెడ్దామన్నా ఇగ నాయినమ్మకు గూడ దొరకదు.