తీగల బస్సూ, నా కొడుకు నోటుబుక్కూ

నా పెద్దకొడుకు పోయాడని ఫ్యాక్టరీ ముదీర్, అంటే మేనేజరు, ఫోన్ చేసి హిందీలో చెప్పాడు. పనిలో కూలబడ్డాడట, గుండె ఆగిందట. ఇరవై ఆరేళ్లవాడికి గుండె ఆగడమేమిటి? కాగితాల మీద అలాగే ఉంది. ఆ కాగితాలు రాసింది వాళ్లే కదా.

వాడు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఉన్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నేను అల్ నహ్దాలో ఇళ్లల్లో వంట చేస్తాను. షార్జా రోలాలో ఒక ఫ్లాట్‌లో చెక్క అడ్డం పెట్టిన పార్టిషన్ తీసుకుని ఇద్దరం ఉండేవాళ్లం. కుక్కర్ అయినా, ఫ్యాన్ అయినా తిరగేసి చూడందే వాడికి నిద్ర పట్టదు. తెలియకపోతే, "తెలిసినోణ్ణి అడిగితే పోద్ది కదమ్మా" అనేవాడు.

సెలవు రోజు సాయంత్రం మాత్రం నోటుబుక్కు జేబులో పెట్టుకుని మాయమయ్యేవాడు.

"ఎవత్తిరా అది?"

"అస్తమానూ నీకదే ధ్యాసా?"

ఒకరోజు వెనకాలే మెట్లు దిగాను. మా బిల్డింగ్ వాచ్‌మన్, నేపాలీ ముసలాయన, చెబుతుంటే వీడు గచ్చు మీద కూర్చుని రాస్తున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఆపేశారు. వీణ్ణి ఎందులోకి దింపుతున్నాడో అని అప్పటి నుంచి ఆయన మీద ఓ కన్నేశాను.

వాడు పోయిన మూడో వారం ఆయన తలుపు కొట్టాడు. "దీదీ, ఆ నోటుబుక్కు ఉందా?"

లేదన్నాను. చావు సంగతి ఏదో అందులో ఉందనుకున్నాను. ఆ రోజు పనికి పోకుండా కూడబలుక్కుంటూ చదివాను.

అంతా బస్సే. ఖాట్మండులో పైనున్న తీగల కరెంటుతో నడిచిన ట్రాలీబస్సు. చైనావాళ్లు ఇచ్చారట. కూడలిలో బస్సు కప్పు మీది గడలు తీగ మీంచి జారితే బస్సు నడిరోడ్డున ఆగిపోయేది. ఒకరు దిగి, తాళ్లు లాగి మళ్లీ తగిలించేవారు. బాగుచేసే దిక్కులేక ఒకసారి ఆగింది, మళ్లీ నడిచింది, తర్వాత ఖలాస్. ముసలాయన దాని డ్రైవరు. ఒక పేజీ అంచున వాడు రాసుకున్నాడు: "అంతా అయ్యాక అమ్మకి చెప్పాలి. సగం చెబితే వంద ఆరాలు తీస్తుంది."

నోటుబుక్కు తీసుకుని కిందకి వెళ్లాను.

"చాచా, నీకు తెలుగు రాదుగా. ఇదెందుకు?"

"మీరు చదివి హిందీలో చెబితే విందామని. నా బస్సు గురించి అడిగినవాడు వాడొక్కడే దీదీ."

అయినా నోటుబుక్కు ఒడిలో దాచుకుని ఒక్కొక్కటే అడిగాను. గడలు ఎన్ని, తాళ్లు ఎవరు లాగేవారు, వానలో ఏమయ్యేది. ఒక్కచోటా తేడా రాలేదు. కాగితాల మాట ఇప్పటికీ నమ్మను. ఈయన్ని నమ్మాను. నా బిడ్డ సాయంత్రాలు మంచి మనిషి దగ్గర గడిచాయి.

బస్సు ఆఖరి రోజు సంగతి మాత్రం వాడు రాయలేదు. పెన్ను తీసుకుని, "ఆ రోజు ఎక్కడ ఆపావు చాచా?" అన్నాను.

ముసలాయన స్టీరింగ్ పట్టుకున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచి, రోడ్డు వైపు చూస్తూ, చెప్పు విడిచిన కాలితో గచ్చు మీద మెల్లగా బ్రేకు తొక్కాడు.