సాయన్న బాలవాడిలో కూర్చున్న రోజు

శారమ్మ అంటే పిల్లల కంటే వాళ్ల తల్లిదండ్రులకే ఎక్కువ భయం. రెంజల్ నుంచి బోధన్ పోయే బాట పక్కన ఒక రేకుల కొట్టం, అదే ఆమె బాలవాడి. అరవై నాలుగులో మహిళా మండలి వాళ్లు తెరిచి, నిజామాబాద్ మిషన్ బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివిన శారమ్మను టీచరుగా పెట్టారు. రోజూ బోధన్ నుంచి నడిచి వచ్చేది. మనిషి సన్నగా ఉంటుంది గానీ గొంతు మాత్రం పటేలు గొంతు. పొద్దున గడపలో నిలబడిందంటే ఎంతటివాళ్లైనా ఆగాల్సిందే.

"గోర్లు సూపెట్టు," అనేది పిల్లవాడితో. గోళ్లు పెరిగి ఉంటే మాటలు పడేది మాత్రం వాడి తల్లి. "మూడేండ్ల పోరడు గోర్లు వాడే కోసుకుంటడా? పొద్దంత ఏం జేస్తవ్ ఇంట్ల?" అని నలుగురిలో కడిగేసేది. ఒళ్లు వెచ్చగా ఉంటే పిల్లను తేవద్దు. పాలపొడి పాలు తాగడానికి గ్లాసు ఇంటి నుంచే రావాలి. పడుకునే గొనెసంచి వారానికోసారి ఉతకాలి. చేతిలో చెరుకు ముక్కతో వస్తే చీమలు పడతాయి కాబట్టి ఆ ముక్క అమ్మ చేతిలోనే వెనక్కి పోవాలి.

అన్నిటికంటే గట్టి కట్టుబాటు ఇంకొకటుంది. పొద్దున ఎవరు దించిపోతే మాపటికి వాళ్ల చేతికే పిల్లనిస్తుంది. మధ్యలో మేనమామ వచ్చినా సరే, సర్పంచ్ వచ్చినా సరే, ఇవ్వదు గాక ఇవ్వదు. ఊరికే పెట్టుకున్న పంతం కాదది. చలికాలం వచ్చిందంటే ఆ బాట నిండా బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్లే. పిల్లలేమో వెనకాల ఉరికి గడలు గుంజుతారు. మొదటి ఏడు ఎవరో చుట్టమాయన ఒక పిల్లను తీసుకుపోతానని తీసుకుపోయి, బాట మీద వదిలేసి బీడీ ముట్టించుకుంటూ నిలబడ్డాడు. ఆ పిల్ల చక్రం కింద పడబోయి మోచేతులు చెక్కుకుని బయటపడింది. ఆనాటి నుంచి శారమ్మ ఎవరి మొహమూ చూసి పిల్లనివ్వదు.

మరుసటి ఏడు మాఘంలో, ఒక మిట్టమధ్యాహ్నం, గడప ముందు ఒకాయన వచ్చి నిలబడ్డాడు. గడ్డం రొమ్ము దాకా ఉంది. మోకాళ్ల దాకా దుమ్ము. చేతిలో జిలేబీ పొట్లం.

"వెంకటిని తోల్కపోనీకి వచ్చిన," అన్నాడు.

"ఎవలు నువ్వు?"

"వాని బాపును. సాయన్నను."

శారమ్మ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. దసరా అయిన వారానికే బండి కట్టుకుని గోదావరి ఒడ్డు ఊళ్ల నుంచి చెరుకు తోలడానికి పోయాడని వాడి తల్లి హన్మవ్వ చెప్పగా విన్నది. వెంకటి బాలవాడిలో చేరింది ఆ తర్వాతే.

"పొద్దుగాల దించింది హన్మవ్వ. గామె వస్తేనే ఇస్త."

"నా కొడుకును నాకియ్యవా? గిసొంటి ముచ్చట లోకంల ఏడ సూడలే."

"ఇప్పుడు సూడు," అంది శారమ్మ. తర్వాత లోపలికి తిరిగి, "వెంకటీ, గీన ఎవలురా?" అని అడిగింది.

వెంకటి ఆ గడ్డం వైపు ఒక్కసారి చూశాడు. ఆయా ముత్తవ్వ చీర కుచ్చెళ్లలోకి దూరి, "బూచోడు," అన్నాడు.

సాయన్న కోపమంతా నీరుగారిపోయింది. గడప మీద చతికిలబడ్డాడు. "సీజన్ అయ్యేదాంక గడ్డం తియ్యనని ఎల్లమ్మకు మొక్కుకున్న టీచరమ్మా," అన్నాడు మెల్లగా. "ఇంటికొచ్చిన నాడల్లా వాడు నిద్రల ఉంటడు. వాడు లేవకముందే నేను పోత. ఇయ్యాల మా తమ్ముడు బండి సూస్కుంటనన్నడు. రేపు పొద్దుగాల మల్ల పోవాలె. కొడుకు నన్ను ఎర్కవట్టకపాయె."

శారమ్మకు తన చిన్నతనం గుర్తొచ్చింది. తను బోర్డింగులో ఉన్నప్పుడు తండ్రి ఏసయ్య ఎన్నాళ్లకో ఒకసారి వచ్చేవాడు. కొత్తమనిషిలా అనిపించి తలుపు చాటున దాక్కునేది. ఆయన గేటు దాటి పోయాక మాత్రం ఏడ్చేది. అంతమాత్రాన కట్టుబాటు మారుతుందా? మారదు. అయినా శారమ్మ బుర్ర ఊరుకునే రకం కాదు.

"పోరన్ని బయటికియ్య. నువ్వే లోపలికి రా," అంది. "లోపలున్నంతసేపు పిల్లగాండ్లు ఏం జేస్తే నువ్వు గది జెయ్యాలె."

అలా సాయన్న బాలవాడిలో చేరాడు. ముందు గోళ్లు చూసి చేతులు కడిగించింది. చెరుకు మసి పోలేదని మళ్లీ కుండ దగ్గరికి పంపింది. పిల్లలు పగలబడి నవ్వారు. తమకే కాదు, పెద్దవాళ్లకు కూడా గోళ్ల పరీక్ష ఉంటుందని వాళ్లకు అదే మొదటిసారి తెలియడం. గ్లాసు తెచ్చుకోలేదు కాబట్టి పాలు లేవంది. జిలేబీ ఒక్కడికే ఇవ్వడానికి వీల్లేదంటే ముక్కలు చేసి అందరికీ పంచాడు. వెంకటి మాత్రం తన ముక్క ముత్తవ్వ చేతి నుంచే తీసుకున్నాడు. సాయన్న చేతికంటిన పాకం నాక్కుంటూ గోడకేసి చూశాడు.

పడుకునే వేళ అందరికంటే ముందు నిద్రపోయింది ఆయనే. ఆ గురక ఏం గురక, రేకులు అదిరాయి. ఒక్క పిల్లా కునుకు తీస్తే ఒట్టు. శారమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వెంకటి పిల్లిలా పాక్కుంటూ వచ్చి, చాలాసేపు చూసి, ఆ గడ్డం కొస పట్టి గుంజాడు. సాయన్నకు మెలకువ వచ్చింది గానీ కళ్లు తెరవలేదు. మళ్లీ గుంజాలని కాబోలు, గురక ఇంకా పెంచాడు.

లేచాక బండ్లాట. ఆ ఊరి పిల్లలకు వేరే ఆటే లేదు. అందరూ బండి తోలేవాళ్లే, ఎద్దు కమ్మంటే ఒక్కడూ కాడు. రోజూ అదే కొట్లాట. "ఇయ్యాల ఎద్దు దొరికింది," అంది శారమ్మ, సాయన్నను చూపించి.

సాయన్న తువాల మెడకు చుట్టుకుని మోకాళ్ల మీద వంగాడు. తల విదిలించాడు, బుసకొట్టాడు, కదలనని మొండికేశాడు. రాత్రింబవళ్లు ఎడ్లతోనే ఉన్న మనిషికి ఎద్దు కావడం ఒకరు నేర్పాలా? పిల్లలొకరి తర్వాత ఒకరు ఎక్కారు. శారమ్మ గుమ్మం దగ్గర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బండ్లు తూచే కాంటా బాబు అయి కూర్చుని, ఒక్కొక్క బండినీ తూచి పంపింది. చివరికి వెంకటి వచ్చి, భయం భయంగా వీపెక్కి, "ఛల్," అన్నాడు. ఎద్దు పరుగందుకుంది. వాడి నవ్వు బాట మీది బండ్లవాళ్లకు వినబడింది.

చెరుకు కొట్టి హన్మవ్వ వచ్చేసరికి మొగుడు నాలుగు కాళ్ల మీద ఉన్నాడు. కొడుకు వీపు దిగనన్నాడు.

"అవ్వా, గీ ఎద్దును మనింటికి కొంచవోదమే," అన్నాడు తల్లితో.

"ఎద్దేందిరా, మీ..." అని హన్మవ్వ చెప్పబోయింది.

సాయన్న కింది నుంచే ఆపాడు. "ఊకో. ఎద్దనే అననియ్యి. ఇంటికైతే రమ్మంటుండు గద." శారమ్మ గొనెసంచులు దులపడానికి పెరట్లోకి పోయింది. ఉతికి ఆరేసినవే, దులపాల్సిన పనేం లేదు.

మర్నాడు పొద్దున తండ్రి భుజాల మీద ఊరేగుతూ వచ్చాడు వెంకటి. మాపటికి తీసుకుపోవాల్సింది తనే కాబట్టి హన్మవ్వ కూడా వెంట వచ్చింది. కొడుకు గోళ్లూ తండ్రి గోళ్లూ తెల్లగా ఉన్నాయి. ఇద్దరూ నాలుగు చేతులూ చాపారు. బాట మీద తమ్ముడు బండి ఆపి పిలుస్తున్నాడు. సాయన్న కొడుకును దించి రెండడుగులు వేశాడో లేదో, వెంకటి ఉరికి ఆయన ధోవతి పట్టుకున్నాడు.

"పోకు బాపూ," అని ఏడుపు అందుకున్నాడు. చేరిన నాటి నుంచి వాడు ఆ గడపలో ఏడ్చింది లేదు.

మామూలుగా అయితే శారమ్మ పూసల డబ్బా గలగలలాడించి క్షణంలో ఏడుపు మాన్పిస్తుంది. డబ్బా చేతికి దగ్గర్లోనే ఉంది. ముట్టుకోలేదు.

"ఏడుస్తుండు టీచరమ్మా," అన్నాడు సాయన్న, కళ్లు తుడుచుకుంటూ, మొహమంతా నవ్వుతో.

"ఏడువనియ్యి అన్నా," అంది శారమ్మ. "జెర సేపు ఇను. ఇని పో."